ఆలోచన చెప్పువాని ధర్మము

కుండను కొనువాడు దానిని వ్రేలితో కొట్టి చూచును. ఆ మ్రోతనుబట్టి పగులున్నదో లేదో తెలియును. బట్టను కొనువాడు పోగు పట్టి చూచును. ధాన్యమును కొనువాడు గింజను పంట కొరికి చూచును. కాని ఆలోచనను కొనువానికి అట్టి పరీక్ష లేదు. దానియందలి పగులు కొన్న దినమున కనబడదు. మూడేండ్లకో, పదేండ్లకో, ఒక తరము గడచిన పిదపనో కనబడును. అప్పటికి చెప్పినవాడు వెల పుచ్చుకొని తన దారిన వెళ్లి ఉండును. కావున ఆలోచన చెప్పి జీవించువానికి కుమ్మరికిని సాలెవానికిని లేని ధర్మబంధమొకటి అదనముగా ఏర్పడుచున్నది. అది యెట్టిదో విచారించుట నేటి కాలమున మిక్కిలి అవసరము.

ఈ వృత్తిని నేడు కన్సల్టెన్సీ అని వ్యవహరించుచున్నారు. ఆసుపత్రులు, పాఠశాలలు, అనాథాశ్రమములు, వృద్ధాశ్రమములు నడపువారు సైతము ఇట్టి సంస్థలను పిలిపించి, ఖర్చు ఎచ్చట తగ్గింపవలెను, ఎందరు ఉద్యోగులుండవలెను, ఉన్న ధనమును ముందుగా దేనికి వెచ్చింపవలెను అని అడుగుచున్నారు. పిలువబడినవారు పరిశీలించి నివేదిక వ్రాసి యిచ్చెదరు. హైదరాబాదులో 1956లో స్థాపింపబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఆఫ్ ఇండియా, అధికారులకు శిక్షణ నిచ్చుటతో పాటు ప్రభుత్వములకును సంస్థలకును ఇట్టి సలహాల నిచ్చుచు వచ్చినది. తరువాతి దశాబ్దములలో చిన్నవియు పెద్దవియు ప్రైవేటు సంస్థలు అనేకము వెలసినవి.

నిపుణుల ఆలోచన విలువ యెట్టిదో విశాఖపట్టణమునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. దక్షిణాదిని ఉక్కు కర్మాగారమునకు విశాఖ తగిన చోటని 1965లో ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందము సూచించెను. ఆ సూచన వెంటనే ఫలింపలేదు. 1966లో గొప్ప ఉద్యమము చెలరేగి ప్రాణములు బలియైన పిదప, 1971లో శంకుస్థాపన జరిగెను. 1977లో దస్తూర్ కంపెనీ సమగ్ర నివేదికను సమర్పించెను. 1992లో కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ఇట్టి పనిలో ఆలోచన తప్పినచో కొలిమియే సాక్ష్యము చెప్పును. ఇనుము చెడును, యంత్రము ఆగును, నష్టము లెక్కలకెక్కును. దాచుటకు వీలుండదు.

అదే నగరము 1923 నుండి ఆంధ్ర వైద్య కళాశాలకును, కింగ్ జార్జి ఆసుపత్రికిని నెలవు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము తరువాత ఇచ్చటనే స్థిరపడినది. వైద్యమును విద్యయు ఉక్కు వంటివి కావు. వానియందు ఆలోచన తప్పినచో కొలిమి వలె అరచునది ఏదియు లేదు. రోగి తిరిగి రాడు. ఎందుకు రాలేదో చెప్పుటకైనను రాడు. బాలిక బడి మానును; హాజరు పట్టికలో ఒక గీత మాత్రము మిగులును. ఆశ్రమములోని వృద్ధురాలు చల్లారిన అన్నమును మౌనముగా తినును. ఇచ్చట తప్పునకు నోరు లేదు. నోరులేనివారి విషయమున ఆలోచన చెప్పువాడు ఎట్లు మెలగవలెననునదియే ప్రశ్న.

ఒక ఉదాహరణమును ఊహింపవచ్చును. సింహాచలము కొండ క్రింద, అడవివరము దారిలో, పదిమంది ఉద్యోగులతో ఒక సలహా సంస్థ ఉన్నదనుకొనుడు. దాని పెద్ద మంచి చదువును మంచి పేరును గలవాడు. ఒక ధర్మాసుపత్రి ధర్మకర్తలు ఆయనను పిలిచిరి. ఆసుపత్రికి వచ్చు రోగుల సంఖ్య తగ్గుచున్నది. చోటు చాలకపోవుటయే కారణమని వారి నమ్మకము. మూడంతస్తుల క్రొత్త భవనమునకు దాతలు సిద్ధముగా ఉన్నారు. భవనము అవసరమని ఒక నివేదిక కావలెను.

ఆ సంస్థలోని ఇరువురు యువ ఉద్యోగులు పండ్రెండు దినములు ఆసుపత్రి వాకిట కూర్చుండిరి. చోడవరము, మాడుగుల వైపు గ్రామములనుండి మొదటి బస్సుకు వచ్చినవారిని పలుకరించిరి. వారికి తెలిసినది వేరు. చీటి తీసికొని డాక్టరును చూచుసరికి మధ్యాహ్నమగుచున్నది. రక్తపరీక్ష మరునాడు. దాని ఫలితమును చూపుటకు మరియొక దినము. మూడు దినముల కూలియు, మూడు మార్లు బస్సు ఖర్చును భరింపలేక, మొదటి దినము వచ్చినవారిలో పలువురు రెండవ దినము వచ్చుట లేదు. చోటు చాలక కాదు, దినము చాలక వారు పోవుచున్నారు. చూపును పరీక్షయు మందును ఒక్కనాడే ముగియునట్లు వేళలను మార్చినచో చాలును. ఇటుక మీద ఇటుక పెట్టనక్కరలేదు.

ఇది విన్న ధర్మకర్తల అధ్యక్షుడు కోపగింపలేదు. నవ్వుచు, “అయ్యా, పేదల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. అవి కూడ వ్రాయండి. కాని భవనము మొదటి పుటలో ఉండవలెను. తక్కినవి చివర అనుబంధముగా ఉండనిండు” అనెను. ఒప్పుకొన్న రుసుములో సగము నివేదిక ఆమోదింపబడిన పిదప రావలసి ఉన్నది. ఆ నెల పదిమంది జీతములు దానిమీదనే ఆధారపడి ఉన్నవి.

ఇచ్చట ఎవరును అబద్ధము చెప్పుమనలేదు. నిజమును దాచుమని కూడ అనలేదు. ఏ పుటలో ఉండవలెనో మాత్రమే చెప్పిరి. పెద్ద అబద్ధము ఎదురైనప్పుడు దానిని గుర్తించి త్రోసివేయుట సజ్జనునకు కష్టము కాదు. పరీక్ష ఎప్పుడును ఇట్టి చిన్న మర్యాద రూపముననే వచ్చును.

ఈ చిక్కునకు మూలమేమి? వకీలును పెట్టుకొన్నవాడు తానే రుసుమిచ్చును, తీర్పును తానే అనుభవించును. వైద్యుని వద్దకు పోయినవాడు తానే మూల్యమిచ్చును, మందు చేదును తానే మ్రింగును. ఇచ్చువాడును అనుభవించువాడును అచ్చట ఒక్కడే. కనుక “ఎవని జీతము తిందువో వాని మేలు కోరుము” అను సామాన్యనీతి అచ్చట సరిపోవును. ఆసుపత్రికి, ఆశ్రమమునకు, పాఠశాలకు ఆలోచన చెప్పువాని స్థితి అట్టిది కాదు. వెల యిచ్చువాడు ఒకడు, ఫలము ననుభవించువాడు మరియొకడు. మొదటివాడు ఎదుట కుర్చీలో కూర్చుండి ఉండును. రెండవవాడు బస్సు కొరకు ఎండలో నిలిచి ఉండును. ఎదుట ఉన్నవాని ముఖము చూచి మాటాడుట మానవ స్వభావము. ఎదుట లేనివాని ముఖమును మనసులో నిలుపుకొని మాటాడుటయే ఈ వృత్తి ధర్మము.

దీనికి మొదటి మెట్టు చూచుట. చూడక చెప్పిన మాటకు ఎంత పాండిత్యమున్నను విలువ లేదు. 1987లో హైదరాబాదున స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందినవారు 1996 నుండి 2000 వరకు ఆనాటి ఆంధ్రప్రదేశమున నాలుగు ప్రాంతములలో, హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరములలో, 10,293 మందిని పరీక్షించిరి. వారిలో 1.84 శాతము అంధులని తేలెను. శుక్లములే ప్రధాన కారణమని అందరును ఎరుగుదురు. కాని ఆ అంధులలో దాదాపు ఆరవ వంతు మందికి దృష్టిదోషమే కారణమని బయటపడుట అంతకు ముందు లెక్కలకు అందని సంగతి. తగిన కంటి అద్దములు పెట్టి చూచిన పిదప కనబడనివానినే అంధుడని లెక్కించు పద్ధతి ఉండుటచేత, అద్దములు కొనలేక గ్రుడ్డివాడై బ్రదుకువాడు లెక్కకు రాకపోయెను. లెక్క అతనిని చూడలేదు. కనుక ఏ ప్రణాళికయు అతనిని చూడలేదు. ఆ సంస్థ తరువాత గ్రామ ప్రాంతములలో సుమారు 50,000 మంది జనాభాకు ఒకటి చొప్పున చిన్న నేత్ర కేంద్రములను నెలకొల్పు పద్ధతిని చేపట్టినది. 2006లో విశాఖపట్టణమునను తన శాఖను తెరచినది. ముందు చూపు, పిదప సూత్రము, ఆ పిదప భవనము: క్రమమిది. దీనిని తలక్రిందులు చేసినచో భవనమునకు తగిన రోగులను వెదకవలసి వచ్చును.

రెండవ మెట్టు అడుగుట. 1999 జనవరిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘విజన్ 2020’ అను పత్రమును వెలువరించెను. మెకిన్సీ అను అంతర్జాతీయ సలహా సంస్థ దాని రచనలో తోడ్పడెను. విద్య, ఆరోగ్యము, వ్యవసాయము మున్నగు రంగములన్నిటికి ఇరువది యేండ్ల లక్ష్యములు అందులో నిర్ణయింపబడెను. 2001 వేసవి ముగియు వేళ మెదకు జిల్లా జహీరాబాదు సమీపమున అల్గోలు గ్రామమున ‘ప్రజాతీర్పు’ పేరుతో ఒక సభ జరిగెను. చిన్న, సన్నకారు రైతులు, వారిలోను స్త్రీలు ఎక్కువమంది, తీర్పరులై కూర్చుండి, నిపుణుల వాదములను విని, తమ తీర్పు చెప్పిరి. సేద్యముపై ఆధారపడువారిని 70 శాతము నుండి 40 శాతమునకు తగ్గించు ఆలోచనను వారు అంగీకరింపలేదు. ఆ సభ నడిపిన తీరుపై తరువాత వాదోపవాదములు జరిగినమాట నిజము. వారి తీర్పు సరియా కాదా అనునది వేరు విషయము. కాని ఒక్క సంగతి మాత్రము గమనింపదగినది. తమ బ్రదుకు గూర్చి వ్రాసిన పత్రముపై మాటాడుటకు వారికి దొరికిన ఆ అవకాశము, పత్రము వెలువడిన రెండేండ్లకు, దానిని వ్రాయనివారి చొరవవలన దొరికెను. ముందుగా అడిగియుండినచో పత్రము మారెడిదో లేదో చెప్పలేము. అడుగుట మాత్రము ధర్మమైయుండెడిది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. “ఆలోచన చెప్పువాడు చెప్పును, నిర్ణయము ధర్మకర్తలది. ఫలితపు భారమును వానిపై మోపుట అన్యాయము” అని కొందరు అందురు. ఇందులో సత్యమున్నది. నిర్ణయాధికారము లేనివానికి నిర్ణయ దోషమంతయు అంటదు. కాని ధర్మకర్త సరిగా నిర్ణయించుటకు కావలసిన సత్యమును మొదటి పుటలో పెట్టుటయో, నలుబదవ పుటలో పెట్టుటయో వీని చేతిలోనిదే. ఆ మేరకు దోషము వీనిదే.

“తాను నిరాకరించినచో మరియొకడు వచ్చి కోరినట్లు వ్రాసియిచ్చును; లోకమునకు కలిగిన లాభమేమి?” అని మరికొందరు అందురు. ఈ తర్కమును అంగీకరించినచో లోకమున ఏ తప్పునైనను చేయవచ్చును. పొరుగువాడు కల్లు తూకము తూచునని తాను సరియైన తూకమును మానుకొన్న వర్తకుని ఎవరును మెచ్చరు.

మూడవ ఆక్షేపణ బరువైనది. “పెద్ద తన ధర్మమును నిలుపుకొనును, కాని జీతము రాక ఇబ్బంది పడునది పదిమంది ఉద్యోగుల ఇండ్లు. తన సత్యమునకు ఇతరుల అన్నమును వెలగా కట్టు హక్కు అతనికెక్కడిది?” దీనికి సులభమైన సమాధానము లేదు. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును. ఈ చిక్కు ఆ దినమున పుట్టినది కాదు. రుసుములో సగమును ఆమోదముతో ముడిపెట్టుటకు ఒప్పుకొన్న నాడే పుట్టినది. ఆమోదము మీద ఆధారపడిన రుసుము ఆలోచనకు వెల కాదు, ఆమోదమునకు వెల. కనుక సంస్థను నడుపు పెద్ద ధర్మము నివేదిక వ్రాయునాడు గాక, ఒప్పందము వ్రాయునాడే ఆరంభమగును. చేసిన పనికి దినములనుబట్టి కూలి కోరుట, ఒక్క యజమానిపైననే సంస్థ అంతయు ఆధారపడకుండ చూచుకొనుట, రెండు మూడు నెలల జీతములకు సరిపడు ధనమును నిలువ ఉంచుట అను ఇవి లౌక్యములుగా కనబడును. నిజమునకు ఇవియే సత్యమునకు కట్టిన కంచెలు. కంచె లేని చేనిలో పైరును నిలుపుమనుట వట్టి మాట.

కూలి విషయమున శరణుల కథ ఒకటి అందరును ఎరిగినదే. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయిదక్కి మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినదానిని తిరిగి అచ్చటనే వేసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఎవరును అడిగినదియు కాదు. అయినను తన పనికి మించినది తనది కాదని ఆమె నిర్ణయము. ఆరు వారముల పనిని ఆరు నెలలకు సాగదీసి, అక్కరలేని రెండవ నివేదికకు మొదటి నివేదికలోనే విత్తనము నాటువారు లక్కమ్మ ఎదుట నిలువగలరా? పుచ్చుకొనుట తప్పు కాదు. కాయకమునకు ఫలము కలదు. ఆశ్రమము అన్నపు పద్దులోనుండి, బడి పలకల పద్దులోనుండి ఆ రుసుము వచ్చుచున్నదని మరచుట తప్పు.

కాయకము సంపాదించునది, దాసోహము పంచునది. ఆలోచన చెప్పువాని దాసోహమేమి? తనకు తెలిసిన విద్యను సంస్థవారికి నేర్పి వచ్చుట. రోగుల రాకను ఎట్లు లెక్కింపవలెను, బడి మానిన పిల్ల ఇంటికి పోయి ఏమి అడుగవలెను అనునది ఆసుపత్రి గుమాస్తాకును బడి పంతులునకును నేర్పిన పిదప, తిరిగి అతనిని పిలువనక్కరలేదు. ఇది వ్యాపారమునకు నష్టము, వృత్తికి కీర్తి. వైద్యుని గొప్పతనము రోగి మరల రాకుండుటలో ఉన్నట్లే, సలహాదారుని గొప్పతనము తన అవసరము తీరిపోవుటలో ఉన్నది.

పెద్దకు తన క్రింది యువకులయెడ కూడ ఒక బాధ్యత కలదు. పండ్రెండు దినములు వాకిట కూర్చుండి చూచినవారు వారు. వారి వ్రాతను సభ్యత పేరిట మార్చినచో, ఆ నాటి నుండి వారు చూచినదానిని గాక, పెద్ద కోరునదానిని వ్రాయుట నేర్తురు. అట్లు ఒక నివేదిక చెడుటతో ఆగదు, ఇద్దరు మనుష్యులు చెడుదురు. బిజ్జలుని కొలువున భండారమును నిర్వహించిన బసవేశ్వరునిపై నింద వచ్చినప్పుడు, ధనమును లెక్కించి చూడగా లోపము కనబడలేదని మన పురాణకథ చెప్పును. ఎవరు ఎప్పుడు లెక్క అడిగినను తెరచి చూపదగిన స్థితిలో ఉండుటయే అధికారములో ఉన్నవాని రక్ష. సలహాసంస్థ భండారము దాని పరిశీలనల దస్త్రమే. మొదట వ్రాసినదేమో, తరువాత మారినదేమో, ఎవరి మాటమీద మారినదో అందు నిలిచి ఉండవలెను.

ఈ విచారము వృత్తిలో ఉన్నవారికే గాక పిలుచువారికిని వర్తించును. బెళగావిలో 1916లో ఏడుగురు ఉపాధ్యాయులు ఆరంభించిన కె.ఎల్.ఇ. సంస్థ మొదలుకొని, మైసూరులో 1954లో ఏర్పడిన జె.ఎస్.ఎస్. మహావిద్యాపీఠము వరకు, మన సమాజమువారు నెలకొల్పిన విద్యాలయములును వైద్యాలయములును పెక్కు. తుమకూరు సిద్ధగంగ మఠమున, 2019లో లింగైక్యులైన శివకుమార స్వాములవారి చల్లని నీడలో, వేలాది బాలురు కులమత భేదము లేక అన్నమును విద్యను పొందిరి. ఇట్టి సంస్థలు పెరిగినకొలది సలహాదారుల అవసరము కూడ పెరుగును. పిలుచువారు ఒక్క ప్రశ్నను తమను తాము వేసికొనవలెను: తెలియని సత్యము కొరకు పిలుచుచున్నామా, తెలిసిన కోరికకు ముద్ర కొరకు పిలుచుచున్నామా? రెండవదైనచో ఆ ధనమును అన్నదానమున వెచ్చించుట మేలు.

సింహాచలమున స్వామి ఏడాది పొడుగునను చందనముతో కప్పబడి ఉండును. వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రము చందనము తొలగి నిజరూప దర్శనము లభించును. ఆ ఒక్క దినము కొరకు జనులు రాత్రినుండి వరుసలలో నిలుతురు. అది భక్తి విషయము; దానిని అట్లే ఉంచుదము. కాని మనుష్యులు నడపు సంస్థలు కూడ తమపై తాము పూత పూసికొనును: వార్షిక నివేదికలు, శిలాఫలకములు, దాతల ఛాయాచిత్రములు. ఆ పూత క్రింది రూపమును ఏడాదికొక్కమారైనను చూడవలెనను కోరిక నిర్వాహకులకు ఉండవలెను. ఆలోచన చెప్పువాడు ఆ పూతను మెల్లగా, గాయము కాకుండ తొలగింపవలసినవాడు. మరియొక పొర పూయుటకు వచ్చినవాడు కాడు.

ఇక ఆ ఊహించిన పెద్ద సంగతి. అతడు నివేదికను పంపుటకు ముందు అధ్యక్షుని ఇంటికి పోయి, ఏకాంతమున, గౌరవముతో, మొదటి పుటలో ఏమి ఉండబోవునో చెప్పవలెను. సభలో అవమానించుట సత్యము కాదు. దాతలు భవనమునకే ఇత్తురనినచో, రోగికి ఒక్కనాటిలో పని ముగియుటకు ఆ ధనములో ఎంత చాలునో లెక్క వేసి చూపవలెను. ధర్మకర్తలలో పలువురు మంచివారే. చెప్పువాడు లేక పొరపడినవారు. వినినచో అందరికిని మేలు. విననిచో, మొదటి పుట మారదు. రెండవ సగము రుసుము రాకపోవచ్చును. ఆ నెల జీతములలో మొదట కోత పడవలసినది పెద్ద జీతమే.

అట్లు చేసినచో ఆసుపత్రి మారునని హామీ లేదు. భవనము లేచిన లేవవచ్చును. అయినను చోడవరమునుండి మొదటి బస్సుకు వచ్చిన స్త్రీ పక్షమున ఒక్కడైనను, వెల పుచ్చుకొనియు, నిజము పలికెనని ఆ కాగితము నిలుచును. ఎప్పుడో ఒకనాడు క్రొత్త ధర్మకర్త ఒకడు బీరువా తెరచి దానిని చదువును. కుండను వ్రేలితో కొట్టు దినము అదియే. ఆనాడు పగులు లేని మ్రోత వినబడినచో, చెప్పినవాడు ఎచ్చట ఉన్నను వాని కాయకము సఫలమైనట్లే.